‘ఇస్త్రీ’ శబ్ద విచారము: స్పానిషు, పోర్చుగీసు పదముల మూలములు

శబ్దమునకు వ్యుత్పత్తి చెప్పుట వ్యాకరణము చదివినవానికి కష్టము గాదు. ధాతుపాఠమున రెండువేలకు సమీపముగా ధాతువులు గలవు; ఉపసర్గలు గలవు; మఱియే ప్రత్యయమునకును లొంగని రూపమునకు ఉణాదులు గలవు. వీనిని కూర్చి యే శబ్దమునైనను సాధింపవచ్చును. సాధించిన వ్యుత్పత్తి సత్యమగునో కాదో పరీక్షించుట మాత్రము కష్టము. ఈ భేదమును నాకు నేర్పినవాఁడు తరగతిలోని యొక బాలుఁడు.

నా నివాసము హైదరాబాదునందలి కృష్ణానగరము. తెల్లవాఱఁగనే యిక్కడి కూడలిలో మేస్త్రీల పిలుపునకై కూలివారు వేచి నిలుతురు. వీథిమొగన ఇస్త్రీబండి నిలుచును. దాని ప్రక్కన అనాసపండ్లును బొప్పాయిపండ్లును అమ్మకమునకు వచ్చును. చాల యేండ్లక్రిందట నేనొక తరగతిలో పాఠము చెప్పుచు, ‘ఇస్త్రీ’ శబ్దమునకు ‘స్తృఞ్ ఆచ్ఛాదనే’ యను ధాతువు మూలమనియు, మొదటి యికారము ఉచ్చారణసౌకర్యమునకై వచ్చినదనియు చెప్పితిని. ఇస్త్రీపనియే జీవనముగాఁ గల కుటుంబమునుండి వచ్చిన విద్యార్థి యొకఁడు లేచి, తమవారు బట్టను దేనిమీఁదను కప్పరనియు, నీరు చల్లి, ముడుతలు పోవునట్లు లాగి, సాపుచేయుదురనియు చెప్పెను. ధాతువులు అనేకార్థములు గలవని చెప్పి నేను వానిని కూర్చుండఁబెట్టితిని. తరువాతఁ గొంతకాలమునకు, పోర్చుగీసుభాషలో ‘ఎస్తిరార్’ అను క్రియ గలదనియు, దానికి ‘లాగి సాఁచుట’ అర్థమనియు, మన ‘ఇస్త్రీ’కి అదియే మూలమని భాషావేత్తలు పెక్కండ్రు తలఁచుచున్నారనియు చదివితిని. స్పానిషుభాషలోను ఆ క్రియ అదే రూపమున, అదే యర్థమున నున్నది. బాలుఁడు చెప్పిన యర్థమును నేను విని యున్నచో నాఁడే సందేహము కలిగి యుండెడిది.

ఆ పొరపాటు నొక్క శబ్దముతోఁ బోవునది కాదు. స్పానిషు, పోర్చుగీసు భాషలనుండి మనకు వచ్చిన పదములకు సంస్కృతవ్యుత్పత్తులు కల్పించుట మన పాఠశాలలలో నేఁటికిని కలదు. కావున ఆ భాషలలోని పదముల మూలములను, వానికి లాటిను, గ్రీకు భాషలతోడి సంబంధమును, అవి తెలుఁగును చేరిన మార్గమును, వానిని పరీక్షించు విధమును ఈ వ్యాసమున వివరించెదను.

భాషల చరిత్ర

స్పానిషు, పోర్చుగీసు రెండును లాటినుభాషకుఁ బుత్రికలు. క్రీ. పూ. 218 లో రోమను సేనలు ఐబీరియా ద్వీపకల్పమున దిగినవి. క్రమముగా అచ్చటి భాషలనేకము నశించి జనుల నోట లాటినే నిలిచెను. గ్రీకుపదములు లాటినుద్వారమున, క్రైస్తవమతముతోడను, శాస్త్రములతోడను వచ్చి చేరినవి. క్రీ. శ. 711 లో అరబ్బు, బెర్బరు సేనలు ప్రవేశించుటచే అరబ్బీపదములు వేలకొలఁది కలిసినవి. 1492 పిమ్మట అమెరికాఖండపు భాషలనుండి ఫలముల పేర్లు, ధాన్యముల పేర్లు వచ్చినవి. ఆ 1492 లోనే ఆంతోనియొ దె నెబ్రిహ యను పండితుఁడు కాస్తీలియ భాషకు, అనఁగా స్పానిషునకు, వ్యాకరణము ముద్రించెను.

వాస్కో డ గామా 1498 లో కోళిక్కోడునకు వచ్చెను. 1510 లో గోవ పోర్చుగీసువారి వశమయ్యెను. 1580 మొదలు 1640 వఱకు పోర్చుగలును స్పెయినును ఒకే రాజవంశపు టేలుబడిలో నుండెను. హైదరాబాదు నిర్మితమైన 1591 లో మాడ్రిడునకును గోవకును ప్రభువు రెండవ ఫిలిప్పే. అయినను మన తీరమునకు వచ్చిన నావికులు, వర్తకులు, మతాచార్యులు మాటాడినది ప్రధానముగాఁ బోర్చుగీసే. కాఁబట్టి స్పానిషుపదముల మూలము వెదకువాఁడు తెలుఁగులోని పదమును చూచి, యది యే సోదరినుండి వచ్చినదో మొదట నిర్ణయింపవలెను. ఆ నిర్ణయమునకు ధ్వనినియమములే సాధనములు.

ధ్వనినియమములు

మన నిరుక్తకారులు వర్ణాగమము, వర్ణవిపర్యయము, వర్ణవికారము, వర్ణనాశము అని చెప్పిన మార్పులన్నియు స్పానిషునఁ గానవచ్చును. భేద మొక్కటి. మనవారు వీనిని తఱచు ఒక్కొక్క శబ్దమునకుఁ గావలసినట్లు వాడుకొనిరి. నేఁటి భాషాశాస్త్రమున ఒక మార్పు అదే పరిస్థితిలోని పదములన్నింటను జరిగినట్లు చూపవలెను. జరుగని చోటఁ గారణము చెప్పవలెను.

మొదట వర్ణాగమము. సకారముపై హల్లు గల సంయుక్తము పదాదిని స్పానిషున నిలువదు. ముందొక ఎకారము చేరును. గ్రీకు ‘స్ఖొలే’ యనఁగా తీరిక, తీరికగలవారు విద్యావిషయములు ముచ్చటించు తావునకు ఆ పేరు వచ్చెను, లాటినున ‘స్కొల’, స్పానిషున ‘ఎస్క్వేల’. మన గ్రామములలో ‘ఇస్కూలు’, ‘ఇస్టేషను’ అనువారు చేయునదియు నిదియే. వారిని పరిహసించు పండితుఁడు ఒక మహాభాషనంతటిని పరిహసించుచున్నట్లు తెలిసికొనవలెను.

వర్ణవికారమునకు మనకు మిక్కిలి పరిచితమైన పోలిక గలదు. క చ ట త ప లకు గ స డ ద వ లు వచ్చుట బాలురుకూడ నెఱుఁగుదురు. లాటినున అచ్చుల నడుమ నున్న క, త, ప లు స్పానిషున గ, ద, బ లగును. ‘అమీకుస్’ (స్నేహితుఁడు) ‘అమీగొ’ యయ్యెను. ‘వీత’ (జీవితము) ‘వీద’ యయ్యెను. ‘లుపుస్’ (తోఁడేలు) ‘లోబొ’ యయ్యెను. మన ఆదేశము పదముల కూడికలోను, సమాసములోను కలుగును. వారిది పదమధ్యమున కలిగినది. రెంటికిని ఉచ్చారణకారణ మొక్కటియే.

వర్ణనాశమునకు ఫకారము తార్కాణము. లాటిను పదాదిని గల ‘ఫ’ స్పానిషున మొదట ‘హ’ యై, పిదప ఉచ్చారణలో లోపించి, వ్రాఁతలో మాత్రము నిలిచెను. లాటిను ‘ఫూముస్’ (పొగ) స్పానిషున ‘ఊమొ’. పోర్చుగీసున ‘ఫూము’గానే యున్నది. ఆ ‘ఫూముస్’ మన ‘ధూమ’ శబ్దమునకు సోదరము. మూలభాషలోని ‘ధ’ లాటినున ‘ఫ’ యైనది. ఈ ‘హ’కార పరిణామము మనకు వింత గాదు. తెలుఁగున పాలు, పులి, పూవు అను వానికి కన్నడమున హాలు, హులి, హూవు అని యందురు. ఒక పదమున జరిగిన మార్పు యాదృచ్ఛికము కావచ్చును. పదుల పదములలో జరిగినది నియమము.

వర్ణవిపర్యయమునకు ర, ల ల మార్పిడి యుదాహరణము. లాటిను ‘పెరీకులుమ్’ (అపాయము) స్పానిషున ‘పెలీగ్రొ’. ‘మిరాకులుమ్’ (అద్భుతము) ‘మిలాగ్రొ’. ‘మాట’ యను నర్థము గల ‘పలాబ్ర’ మిక్కిలి రసవంతము. గ్రీకున ‘పరబొలే’ యనఁగా ప్రక్కన వేయుట, అనఁగా ఒకదానిప్రక్క నొకటి పెట్టి పోల్చుట. మన యాలంకారికుల యుపమయే యది. క్రైస్తవగ్రంథములలో దృష్టాంతకథకు ఆ పేరు గలిగెను. దృష్టాంతకథనుండి ఉపదేశవాక్యమునకు, దానినుండి సామాన్యవాక్కునకు అర్థము వ్యాపించెను. స్పెయినువాఁడు ‘మాట’ యన్నప్పుడెల్ల నెఱుఁగకయే ‘ఉపమ’ యనుచున్నాఁడు. తమిళ ‘ఉరల్’ తెలుఁగున ‘రోలు’ గా నుండుట చూచినవారికి వర్ణముల యిట్టి స్థానభ్రంశము వింతగాఁ దోఁపదు.

సోదరీభేదమును తెలుపు నియమములు రెండు. లాటిను ‘క్ల, ప్ల, ఫ్ల’ లు పదాదిని స్పానిషున ‘ల్య’ యగును. పోర్చుగీసున పూర్వము ‘చ’ యయ్యెను. ‘ప్లేనుస్’ (నిండినది) స్పానిషున ‘ల్యేనొ’, పోర్చుగీసున ‘చెయు’. ‘ఫ్లమ్మ’ (జ్వాల) స్పానిషున ‘ల్యామ’, పోర్చుగీసున ‘చామ’. ‘క్లావిస్’ (తాళపుచెవి) స్పానిషున ‘ల్యావె’, పోర్చుగీసున ‘చావె’. రెండవది, పదాంతమున స్పానిషు ‘ఓన్, ఆన్’ అను చోటఁ బోర్చుగీసున అనునాసికమైన ‘ఆఁవ్’ వంటి ధ్వని యుండును. స్పానిషు ‘బొతోన్’ పోర్చుగీసున ‘బొతాఁవ్’. స్పానిషు ‘పాన్’ పోర్చుగీసున ‘పాఁవ్’. ఈ రెండును చేతఁబట్టుకొని మన యింటిలోని పదములను చూతము.

మన పదములు

పాదిరి. స్పానిషున, పోర్చుగీసున గూడ ‘పాద్రె’, తండ్రి. లాటిను ‘పాతెర్’, గ్రీకు ‘పతేర్’, సంస్కృత ‘పితృ’. ఇందలి దకారము పైఁజెప్పిన ఆదేశమువలన వచ్చినది. కావున పదము ఐబీరియాద్వారమున వచ్చినదనుట నిశ్చయము. ద, ర ల నడుమ మన నోట ఇకారము స్వరభక్తిగాఁ జేరినది. ‘పితృ’ శబ్దముతో దీనికి సంబంధము కలదా? కలదు. ‘పితృ’ శబ్దభవమా? కాదు. ఈ రెండు ప్రశ్నలను వేఱుచేయుటయే ఈ విచారమునకు ప్రాణము.

మేస్త్రీ. పోర్చుగీసు ‘మేస్త్రె’, స్పానిషు ‘మాఎస్త్రొ’, లాటిను ‘మగిస్తెర్’. ‘మగిస్’ అనఁగా ‘అధికముగా’. ‘మగిస్తెర్’ అధికుఁడు, అధిపతి, ఆచార్యుఁడు. లాటిను ‘మగ్నుస్’, గ్రీకు ‘మెగస్’, సంస్కృత ‘మహత్’ ఒకే మూలపు శాఖలు. కృష్ణానగరపుఁ గూడలిలో తాపీమేస్త్రీకై వేచియుండు కూలివాఁడు పలుకు మాటకు ‘ఆచార్యుఁడు’ అర్థము. స్పానిషుదేశమున బడిపంతులునకు నేఁటికిని అదే పేరు. ‘ఇస్త్రీ’, ‘మేస్త్రీ’ పదములలో ‘స్త్రీ’ శబ్దమును చూచువారు వర్ణసామ్యమాత్రముచే మోసపోవుచున్నారు.

ఇస్త్రీ. దీనికి ‘స్తృఞ్’ ధాతువు కుదురదనుటకు అర్థభేదమే కాక శబ్దహేతువుకూడఁ గలదు. సంస్కృతమునుండి ప్రాకృతద్వారమున వచ్చిన తద్భవములలో ‘స్త’ నిలువదు: ‘హస్త’ ప్రాకృతమున ‘హత్థ’, ‘స్తన’ ‘థణ’. ‘ఇస్త్రీ’యందు ‘స్త్ర’ యను సంయుక్తము చెక్కుచెదరక యున్నది; కావున పురాతన తద్భవము కానేరదు. తత్సమమందమా, బట్టలు సాపుచేయు సాధన మను నర్థమున సంస్కృతకోశములలో నట్టి శబ్దము లేదు. రెండు ద్వారములును మూసికొనఁగా మూఁడవదానిని చూడక తప్పదు. ‘ఎస్తిరార్’ లో ‘ఎస్’ అనునది లాటిను ఉపసర్గయగు ‘ఎక్స్’ (వెలికి). తక్కిన ‘తిరార్’ (లాగుట) మూలముపై యూరోపు పండితులలో నేఁటికిని వివాదము గలదు.

అలమార. పోర్చుగీసు ‘అర్మారియు’, లాటిను ‘ఆర్మారియుమ్’. ‘ఆర్మ’ యనఁగా ఆయుధములు, పనిముట్లు. ఆయుధముల పెట్టె క్రమముగా బట్టల పెట్టె యయ్యెను. రెండు రేఫలు దగ్గఱగా నుండుటచే నొకటి లకారమయ్యెను; ప్రాచీన స్పానిషునను ‘అల్మారియొ’ యను రూపము గలదు. లాటిను ‘అర్బొరెమ్’ (చెట్టు) స్పానిషున ‘ఆర్బొల్’ అగుటయు నీ హేతువుచేతనే. రలలకు అభేదమను మన న్యాయము తెలిసినవారు దీనిని సులభముగా నంగీకరింతురు. కాని ఆ న్యాయము ఎక్కడఁబడిన నక్కడ వాడుటకు అనుజ్ఞ కాదు. ఇక్కడ రెండు రేఫల సన్నిధి యను కారణము గలదు.

బొత్తాము, వేలము. ‘బొత్తాము’ తుది ‘ఆము’ తెలుఁగు ‘ము’వర్ణక మని యందఱు భావింతురు. పోర్చుగీసు ‘బొతాఁవ్’ లోని యనునాసికమే యిక్కడ మకారమైనది; స్పానిషునుండి వచ్చియున్న ‘బొత్తోను’ కావలసినది. ‘వేలము’ నిట్లే చూడవలెను: పోర్చుగీసు ‘లెయిలాఁవ్’, తమిళము ‘ఏలం’, హిందుస్తానీ ‘నీలామ్’. దానికి మూలము ‘ప్రకటించుట’ యను నర్థము గల అరబ్బీశబ్దము. వేలకొలఁది ధనము పలుకునది గాన వేలమయ్యె నను వ్యుత్పత్తి వినుట కింపుగా నుండును. రెండురూపాయల వస్తువునకును వేలము గలదు.

పావురొట్టె. పోర్చుగీసు ‘పాఁవ్’, స్పానిషు ‘పాన్’, లాటిను ‘పానిస్’. అన్నిటికిని రొట్టె యనియే యర్థము. నాలుగు భాగములుగాఁ జేసిరి గాన ‘పావు’ రొట్టె యనుట జనవ్యుత్పత్తి. నిజమునకు ఈ సమాసము ‘రొట్టెరొట్టె’. తెలియని పదము ప్రక్కన తెలిసిన పదము నుంచి వివరించుకొనుట భాషలలో సామాన్యము.

తువ్వాలు. పోర్చుగీసు ‘తువాల్య’, స్పానిషు ‘తొఆల్య’. ఇది లాటినుమూలము గాదు; కడుగుట యను నర్థము గల జర్మానిక ధాతువునుండి వచ్చినది. స్పానిషుపదము లన్నిటికిని లాటినో గ్రీకో మూలమనుకొనుట, తెలుఁగుపదము లన్నిటికిని సంస్కృతము మూలమనుకొనుట వంటిదే.

పీపా. స్పానిషున, పోర్చుగీసున ‘పీప’. లాటిను ‘పీపారె’, పక్షి కిచకిచలాడుట. ఆ ధ్వనిచేయు పిల్లనగ్రోవికి, అట్టి గొట్టమునకు, పిదప ద్రవ్యము నింపు కొయ్యతొట్టికి పేరు సంక్రమించెను. మన పిల్ల లూఁదు ‘పీపీ’ లాటినునుండి రాలేదు, రెండును ధ్వన్యనుకరణములే. అనుకరణశబ్దముల పోలికనుబట్టి భాషాసంబంధము నిర్ణయింపరాదు.

తాళపుచెవి. ఇది సందేహస్థలము. హిందుస్తానీ ‘చాబీ’, తమిళ ‘చావి’ పోర్చుగీసు ‘చావె’ నుండి వచ్చినవి; స్పానిషు ‘ల్యావె’ నుండి రాఁజాలవని పై నియమమే చెప్పుచున్నది. మన సమాసములోని ‘చెవి’ శ్రవణేంద్రియమా, లేక ‘చావె’ తెలిసిన పదపు వేషము ధరించినదా? రెండవపక్షము సంభావ్యము. దీనిని తేల్చు పరీక్ష సులభము: 1498 కుఁ బూర్వపు కావ్యముననో శాసనముననో ఈ సమాసము దొరకెనేని ఆ పక్షము నిలువదు. కావ్యపరిచయము గల పండితులు ఈ వెదకులాటకుఁ బూనుకొనవలసినది.

ఫలముల పేర్లు

అనాస, బొప్పాయి, టమాట అమెరికాఖండమునుండి వచ్చినవి. ‘అనానాస్’ దక్షిణ అమెరికాలోని తూపీ, గ్వరానీ భాషల పదము; ‘పపాయ’ కరీబియా ద్వీపములనుండి స్పానిషువారు గ్రహించినది; ‘తొమాతె’ మెక్సికోలోని నాహువాతుల భాషయందలి ‘తొమతుల్’. వీనికి లాటినుమూలమును గ్రీకుమూలమును లేవు. మన సీతాఫలమును ఆ ఖండపుఁ ఫలమే. ఫలము క్రొత్తది, పేరు సంస్కృతము. పేరు సంస్కృతమైనంత మాత్రమున వస్తువు ప్రాచీనమని చెప్పరాదనుటకు ఇంతకంటె రుచికరమైన నిదర్శనము లేదు.

సోదరత్వము, సామ్యము

స్పానిషుపదములను సంస్కృతముతోఁ బోల్చినచో ఆశ్చర్యకరమైన సంవాదములు దొరకును. సప్త, లాటిను ‘సెప్తెమ్’, గ్రీకు ‘హెప్త’, స్పానిషు ‘స్యేతె’. దంత, లాటిను ‘దెంతెమ్’, స్పానిషు ‘ద్యెంతె’. రథ, లాటిను ‘రోత’ (చక్రము), స్పానిషు ‘ర్వేద’. కిటికీకి స్పానిషు ‘వెంతాన’. లాటిను ‘వెంతుస్’ (గాలి) నుండి పుట్టినది. మన ‘వాతాయనము’ వాతశబ్దమునుండి పుట్టినది. ‘వెంతుస్’, ‘వాత’ సోదరములు. ఒకరినుండి యొకరు గ్రహింపకయే, స్వతంత్రముగా, గాలిపేరనే ఇరువురును కిటికీకి పేరిడిరి. 1786 లో కలకత్తాలో విలియం జోన్సు సంస్కృత, గ్రీకు, లాటిను భాషలకు ఒకే మూలము గలదని ప్రతిపాదించిన పిమ్మట ఈ సోదరత్వము శాస్త్రముగా వృద్ధిపొందెను.

ఇక్కడనే జాగరూకత వలయును. స్పానిషు ‘దియోస్’, లాటిను ‘దెఉస్’, సంస్కృత ‘దేవ’ సోదరములు. గ్రీకున దేవునికి ‘థెయొస్’; వినుటకు ‘దెఉస్’ వలెనే యున్నది, అర్థము నదియే. అయినను ఇది వేఱు మూలమునుండి వచ్చినది. సంస్కృత ‘ద’కారమునకు గ్రీకున ‘ద’ యుండవలెను గాని ‘థ’ యుండరాదు. మన ‘ద్యౌః’ శబ్దమునకు గ్రీకు సోదరము ‘జెవుస్’. అట్లే స్పానిషు ‘మూచొ’ (చాల), ఇంగ్లీషు ‘మచ్’ ఒకటే యని తోఁచును. మొదటిది లాటిను ‘ముల్తుస్’ నుండియు, రెండవది జర్మానికమూలమునుండియు వచ్చినవి. ధ్వనియు నర్థమును రెండును కలిసినను సంబంధము లేకపోవచ్చును; ఫూముస్, ధూమ శబ్దములవలె ధ్వని దూరమైనను సంబంధ ముండవచ్చును.

ఇచ్చటనుండి వెడలిన పదములు

మనమే యెల్లప్పుడు గ్రహీతలము గాము. స్పానిషున చక్కెర ‘అసూకర్’. అరబ్బీ ‘అస్సుక్కర్’, పారసీకము ‘శకర్’, సంస్కృతము ‘శర్కరా’. మామిడిపండు ‘మాంగొ’, పోర్చుగీసు ‘మాంగ’, తమిళము ‘మాంగాయ్’, మలయాళము ‘మాఙ్ఙ’. మన ‘మాగాయ’, ‘ఊరగాయ’లలోని ‘గాయ’యే స్పెయినున ‘గొ’ యై వెలయుచున్నది.

అల్లము స్పానిషున ‘హెన్హీబ్రె’. లాటిను ‘జింగిబెర్’, గ్రీకు ‘జింగిబెరిస్’, పాలి ‘సింగివేర’. సంస్కృతమున ‘శృంగవేరము’; అమరకోశమున ఆర్ద్రకమునకుఁ బర్యాయముగా నున్నది. కొమ్ము వంటి ఆకృతి గలది గాన శృంగవేరమని మన వ్యాఖ్యాతలు చెప్పిరి. నేనును శిష్యులకుఁ జెప్పితిని. కాని యీ పదమునకు మూలము ద్రావిడమని నేఁడు విజ్ఞులు నిర్ణయించుచున్నారు: తమిళ ‘ఇంజి’ (అల్లము), ‘వేర్’ (వేరు). ఆదిని సకారము దక్షిణభాషలలో లోపించినది, పాలిలో నిలిచినది. ఆ ద్రావిడపదమును సంస్కృతపండితులు తమకుఁ దెలిసిన ‘శృంగ’ శబ్దముగా సంస్కరించుకొనిరి. పావురొట్టెను నాలుగవవంతుగా భావించిన బజారువానికిని, ‘శృంగవేరము’ సాధించిన పండితునకును మార్గ మొక్కటియే. సభ మాత్రమే వేఱు. తెలుఁగువారి నోట నిత్యము మెలఁగు ‘వేరు’ స్పెయినుదేశపు వంటశాలలో నున్నదని తెలియుట, అది శృంగమని భ్రమించుటకంటె మనకు గౌరవము గాదా?

పూర్వుల పొరపాట్లు, వారి సాధనములు

ఈ దోషము మన దేశమునకే పరిమితము గాదు. 1611 లో సెబాస్తియాన్ దె కొవర్రూబియాస్ అను స్పానిషుపండితుఁడు తన భాషకు గొప్ప నిఘంటువును ప్రకటించెను. హీబ్రూ ఆదిభాష యని నాఁటి విశ్వాసము గాన, పెక్కు స్పానిషుపదములను ఆయన హీబ్రూనుండి సాధించెను. మనము సంస్కృతమునుండి సాధించినట్లే. తరువాతివా రాతని వ్యుత్పత్తులను విడిచిరి. కాని యాతఁడు కూర్చిన ప్రయోగములను, సామెతలను, ఆచారవర్ణనలను నేఁటికిని వాడుచున్నారు. వ్యుత్పత్తి తప్పినను సేకరణము చెడదు.

మన భాషలోను మార్గదర్శకులు గలరు. 1816 లో ఎల్లిసు, తెలుఁగు, తమిళ, కన్నడములు సంస్కృతజన్యములు గాక ఒకే కుటుంబమువని ధాతువులను పోల్చి చూపెను. 1854 లో బ్రౌను తెలుఁగున వాడఁబడు మిశ్రపదములకును అన్యదేశ్యములకును ప్రత్యేకనిఘంటువును ప్రకటించెను. గోవకుఁ జెందిన దల్గాదు 1913 లో ఆసియాభాషలలోని పోర్చుగీసుపదములను కూర్చెను. దాని యింగ్లీషు అనువాదము 1936 లో బరోడానుండి వెలువడెను. హైదరాబాదులోనే, తార్నాకయందలి ఇంగ్లీషు, విదేశీభాషల విశ్వవిద్యాలయమున స్పానిషు బోధింపఁబడుచున్నది. సాధనములు లేవని చెప్పుటకు మనకు వీలులేదు.

ముగింపు

బాలవ్యాకరణము పదములను తత్సమ, తద్భవ, దేశ్య, గ్రామ్యములుగా విభజించినది. అన్యదేశ్యము నితరలాక్షణికులు చెప్పిరి. ఇస్త్రీ, మేస్త్రీ, పాదిరి మొదలగునవి అన్యదేశ్యములు. వానిలోఁ గొన్ని లాటినుద్వారమున సంస్కృతమునకు దూరపు సోదరములు. ఆ బంధుత్వమును ‘తద్భవము’ అను పేరితోఁ జెప్పరాదు. పినతండ్రి కొడుకును కొడుకని వ్రాసికొన్నచో వంశవృక్షము చెడును.

పాఠశాలలలో పదముల మూలము చెప్పువారికి నా మనవి యిది. మొదట ఆ పదమును నిత్యము వాడు వృత్తివారిని అర్థమడుగుఁడు. చెప్పఁదలఁచిన వర్ణవికారము మఱి రెండు మూఁడు పదములలోనైనను జరిగినట్లు చూపుఁడు. ఆ పదము తొలుత నెప్పుడు ప్రయోగింపఁబడినదో వెదకుఁడు. అది యే మార్గమున, ఎవరితో వచ్చినదో చరిత్రను చూడుఁడు. ఈ నాలుగును కుదిరినప్పుడే ధాతువును స్మరింపుఁడు. కుదురనిచో తెలియదని చెప్పుటలో లోపము లేదు. తెలియదని వినిన శిష్యుఁడు వెదకును, తప్పు వినినవాఁడు దానిని మఱికొందఱకు నేర్పును.

ఇప్పుడు నేను ‘ఇస్త్రీ’ని గూర్చి చెప్పవలసి వచ్చినపుడు మొదట నా తప్పును చెప్పి, ఆ బాలుని మాటను చెప్పి, పిమ్మట ‘ఎస్తిరార్’ను చెప్పుచున్నాను. ధాతువులు అనేకార్థములు గలవనుట సత్యమే. ఆ సూక్తితో నాఁడు నేను మూసినది ఆ బాలుని నోరు కాదు, నా చెవి.